మూరెడు దూరంలో చూపు
చత్వారం, జీవనోపాధి, మన బాధ్యత



ఈ ప్రసంగం డాక్టర్ పి. శివారెడ్డి గారి స్మృతిలో చేస్తున్నది. హైదరాబాద్ సరోజినీదేవి కంటి ఆసుపత్రి పేరెత్తితే ఆయన పేరు, ఆయన పేరెత్తితే ఆ ఆసుపత్రి పేరు గుర్తుకు రావడం ఒక తరానికి అలవాటు. లక్షల కళ్లకు శుక్లం తీసిన చేయి అది. 1977లో పద్మభూషణ్ ఇచ్చి దేశం ఆయనను గౌరవించింది. అయితే రోగి ఆసుపత్రి దాకా రాలేకపోతే ఆసుపత్రే ఊరికి తరలివెళ్లాలన్న పట్టుదలే ఆయనను జనానికి దగ్గర చేసింది. ఊరూరా జరిపిన కంటి శిబిరాలు ఆ పట్టుదలకు రూపం. ఆ రోజుల్లో కంటిలోపల కృత్రిమ కటకం అమర్చే పద్ధతి ఇంకా శిబిరాల దాకా రాలేదు. శుక్లం తీశాక మందపాటి అద్దాలు పెట్టుకుంటేనే లోకం కనిపించేది. ఆపరేషన్ ఎంత నేర్పుగా జరిగినా ఆ కళ్లజోడు అందకపోతే రోగికి దక్కేది సగం చూపే. శిబిరాల కాలం నేర్పిన ఆ పాఠాన్నే ఈరోజు నేను మరో సమస్యకు వర్తింపజేయదలచుకున్నాను. ఆ సమస్య చత్వారం. నలభై ఏళ్లకు కాస్త అటూఇటూగా ప్రతి మనిషికీ దగ్గరిచూపు మందగించడం.

నా వాదన ఒక్కటే. చత్వారానికి పెట్టుకునే అద్దాలను మనం ఇంతకాలం వయసుకు గుర్తుగానో, చదువుకున్నవారి సరంజామాగానో, మరీ అయితే చిన్నపాటి వైద్యంగానో చూశాం. వాటిని పనిముట్టుగా చూడాలి. అలా చూసినప్పుడే అవి ఎవరికి, ఎక్కడ, ఎవరి బాధ్యతగా అందాలో తేలుతుంది. దీన్ని ఆరు మెట్లుగా చెబుతాను.

1. కంటిలో మారేది ఏమిటి

వైద్యులకు ఇది తెలిసిన సంగతే. అయినా వాదనంతా దీని మీదే నిలవాలి గనుక నిదానంగానే చెబుతాను. దూరాన ఉన్న వస్తువు నుంచి వచ్చే కిరణాలు దాదాపు సమాంతరంగా కంటిని చేరతాయి. దగ్గరి వస్తువు నుంచి వచ్చేవి విచ్చుకుంటూ వస్తాయి. వాటిని రెటీనా మీద ఒకచోటికి చేర్చాలంటే కంటికి అదనపు శక్తి కావాలి. ఆ శక్తి కంటిపాప వెనక ఉండే కటకానిది. కటకాన్ని చుట్టూ సన్నని తంతువులు పట్టి ఉంచుతాయి, ఆ తంతువుల రెండో కొస సీలియరీ కండరం దగ్గర ఉంటుంది. కండరం బిగుసుకున్నప్పుడు తంతువులు సడలి, కటకం ఉబ్బి గుండ్రబడుతుంది. దగ్గరిది తేటపడుతుంది. థామస్ యంగ్ అనే ఆంగ్ల వైద్యుడు 1801లో తన కంటిని నీటికి ఆనించి చూశాడు. నీరు తగిలితే కంటి ముందుపొర వంపుకుండే శక్తి దాదాపు పోతుంది. అయినా దగ్గరికీ దూరానికీ సర్దుకునే శక్తి పోలేదు. మారేది ముందుపొర కాదని, కటకమేనని అలా రుజువైంది. కండరం, తంతువులు కలిసి ఎలా పనిచేస్తాయో 1855లో శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్స్ వివరించాడు. చత్వారం వేరు, పుట్టుకతో వచ్చే దూరదృష్టి దోషం వేరు అని 1864 నాటి తన గ్రంథంలో డచ్ వైద్యుడు డాండర్స్ తేటతెల్లం చేశాడు.

కటకం జీవితాంతం పెరుగుతూనే ఉంటుంది. కొత్త పొరలు పైన చేరతాయి, పాతవి లోపలికి నొక్కుకుపోతాయి, మెత్తదనం ఏటా తగ్గుతుంది. సర్దుకునే శక్తిని డయాప్టర్లలో కొలుస్తారు. హాఫ్‌స్టెటర్ అనే పరిశోధకుడు ఇచ్చిన సగటు సూత్రం ప్రకారం పదేళ్ల పిల్లవాడికి అది 15 పైన ఉంటుంది. నలభైకి ఆరున్నర, యాభైకి మూడున్నర, అరవైకి అర. ఇప్పుడు ఒక చిన్న లెక్క వేద్దాం. మోచేతి నుంచి వేలికొస దాకా ఉండే మూరెడు దూరంలోనే మన చేతిపనులన్నీ జరుగుతాయి. దానికి కాస్త తక్కువగా 40 సెంటీమీటర్లు అనుకుంటే, అక్కడ స్పష్టంగా చూడడానికి రెండున్నర డయాప్టర్లు కావాలి. ఉన్న శక్తి అంతా వాడేస్తూ గంటల తరబడి ఎవరూ పని చేయలేరు. సగం వాడి సగం నిల్వ ఉంచుకోవాలన్నది అద్దాలు రాసేవారి పాత నియమం. అంటే మూరెడు దూరంలో హాయిగా పని చేసుకోవాలంటే అయిదు డయాప్టర్లు ఉండాలి. సూత్రం ప్రకారం సరిగ్గా నలభై అయిదో ఏట మిగిలేది అంతే. ఇది సగటు మాత్రమే. సగటుకు దిగువన ఉన్నవారికి ఇబ్బంది నలభైకే, కొందరికి అంతకు ముందే మొదలవుతుంది. వేడి ప్రాంతాల్లో మరికాస్త తొందరగా వస్తుందని పాత పరిశీలనలున్నాయి, కారణం మీద మాత్రం ఏకాభిప్రాయం లేదు.

ఈ మెట్టులో మీరు గుర్తుపెట్టుకోవలసినవి రెండే. ఒకటి, ఇది ఎవరినీ వదలదు, ధనిక పేద తేడా లేదు. రెండోది, ఇక్కడ బలహీనపడింది కండరం కాదు. వృద్ధాప్యంలోనూ సీలియరీ కండరం బిగుసుకోగలదని ఎమ్మారై చిత్రాలు చూపాయి. గట్టిపడింది కటకం. ఈ రెండో సంగతితో తర్వాత మనకు పని ఉంది.

2. లెక్కలోకి రాని చూపు

ఇంత సార్వజనీనమైన లోపం ప్రజారోగ్యంలో ఎందుకు చివరి వరుసలో కూర్చుంది? నా దృష్టిలో ప్రధాన కారణం మనం చూపును కొలిచే తీరు. కంటి పరీక్ష అనగానే గుర్తొచ్చేది ఆరు మీటర్ల దూరాన వేలాడే అక్షరాల పట్టిక. అంధత్వానికి నిర్వచనాలు దాని మీదనే కట్టారు. సర్వేలు వాటి మీద, పథకాలు సర్వేల మీద నిలిచాయి. మన దేశం 1976లోనే జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం ప్రారంభించింది. నిండు చీకటిలో ఉన్నవారిని ముందు బయటికి తీసుకురావాలి గనుక శుక్లానికి పెద్దపీట వేయడం న్యాయమే. కాని ఆరు మీటర్ల పట్టికలో చివరి వరుస దాకా చదివిన నలభై అయిదేళ్ల బీడీ కార్మికురాలు ఆ లెక్కలో 'చూపు బాగున్న' మనిషి. ఆమె ఒళ్లో ఉన్న తునికాకు ఆమెకు మసకగా కనిపిస్తోందన్న సంగతి నమోదు చేసే గడి కాగితంలో ఉండేది కాదు. దగ్గరిచూపు లోపాన్ని విడిగా గుర్తించి, 40 సెంటీమీటర్ల దగ్గర ఎన్6 సైజు చిన్న అక్షరాలు చదవలేకపోవడాన్ని కొలతగా పెట్టింది అంతర్జాతీయ వ్యాధి వర్గీకరణ పదకొండో కూర్పు. అంటే ఇది నిన్నమొన్నటి మార్పు.

లెక్క వేసినప్పుడు బయటపడిన అంకెలు చిన్నవి కావు. 2015 నాటికి ప్రపంచంలో దాదాపు 180 కోట్ల మందికి చత్వారం ఉందని, వారిలో 82 కోట్లకు పైగా మంది తగిన అద్దాలు లేక దగ్గరిచూపు లోపంతోనే బతుకుతున్నారని 2018లో వెలువడిన అంచనా. మన దగ్గరి సంగతి చూద్దాం. ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1996 నుంచి 2000 దాకా చేసిన విస్తృత సర్వేలో, ముప్పై ఏళ్లు పైబడినవారిలో సగానికి మించి చత్వారం కనిపించింది. ఇంటింటి సమస్య అన్న మాటకు ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

మరి పరిష్కారం కొత్తదా అంటే, ఏడు శతాబ్దాల పాతది. ఇటలీలో 1306లో ఒక మతబోధకుడు తన ప్రసంగంలో కళ్లజోడు చేసే కళ పుట్టి ఇంకా ఇరవై ఏళ్లు కాలేదని చెప్పాడు. మన వైపు చూస్తే, పదహారో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో విజయనగరంలో వ్యాసతీర్థులు గ్రంథం చదవడానికి కంటి అద్దాలు వాడిన ప్రస్తావన సోమనాథ కవి రాసిన వ్యాసయోగి చరితంలో ఉంది. గమనించండి, అక్కడ బోధకుడు, ఇక్కడ యతీశ్వరుడు. కళ్లజోడు మొదట చేరింది పుస్తకం పట్టుకున్నవారి ముక్కు మీదికి. ఆ తొలి పరిచయమే దాని మీద శాశ్వతమైన ముద్ర వేసింది. కళ్లజోడు చదువరుల వస్తువు అనుకున్నాం. చదవడం రానివారికి దానితో పనేమిటన్న ప్రశ్న అక్కడి నుంచే పుట్టింది.

3. చదువు రాని చోట దగ్గరిచూపు

ఆ ప్రశ్నకు జవాబు మగ్గం దగ్గర దొరుకుతుంది. గుంటమగ్గం మీద నేత సాగుతుండగా పడుగులో ఒక పోగు తెగుతుంది. చేయి ఆగుతుంది. వందలాది పోగుల మధ్య తెగిన కొసను వెతకాలి. అదే రంగు నూలు ముక్క తీసి కొసకు కలిపి ముడి వేయాలి, ముడి ఉబ్బెత్తుగా ఉండకూడదు. తర్వాత ఆ పోగును దాని వరుసలోంచే, పన్నెలో దాని సందులోంచే లాగాలి. పక్క సందులోకి పోతే గుడ్డలో గీత పడుతుంది. పోచంపల్లి చీర అయితే పోగు మీద ముందే అద్దిన రంగు పక్క పోగు రంగుతో కలవాలి, లేకపోతే బొమ్మ చెదురుతుంది. కుర్రతనంలో చిటికెలో అయ్యే ఈ పనికి, యాభయ్యో ఏట అద్దాలు లేకుండా ఎంతసేపు పడుతుందో ఆలోచించండి. నేతగాడికి కూలి చీర లెక్కన వస్తుంది, గంటల లెక్కన రాదు. పోగు వెతకడంలో పోయిన ప్రతి నిమిషం అతని జేబులోంచే పోతుంది. బీడీలు చుట్టే తల్లికీ అంతే. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. ఆకు కత్తిరించడం, తంబాకు సర్ది చుట్టడం, మూతి మడవడం, దారం కట్టడం అన్నీ చేతివేళ్ల దగ్గర జరిగే పనులే. చుట్టింది బాగాలేదని పక్కన పడేసిన బీడీకి కూలి రాదు.

కుట్టుమిషను దగ్గర కూర్చునేవారిని చూస్తే మనుషులు ఈ లోపంతో ఎలా సర్దుకుంటారో తెలుస్తుంది. పొద్దున్నే బడికి వెళ్లే పిల్లల చేత నాలుగైదు సూదుల్లో దారం ఎక్కించి పెట్టుకుంటారు. మిషను గుమ్మం దగ్గరికి జరుపుకుంటారు. ఎండ వెలుతురులో కంటిపాప చిన్నదవుతుంది, చిన్న రంధ్రంలోంచి చూసినట్టు మసక తగ్గుతుంది. కారణం తెలియకపోయినా అనుభవం వారికి ఆ దారి చూపింది. నల్లగుడ్డ మీద నల్లదారం కుట్టు వద్దంటారు. సాయంత్రం తర్వాత పని పట్టుకోరు. ఇలా సర్దుకున్న ప్రతి సర్దుబాటుకూ ఒక ధర ఉంది. పని గంటలు తగ్గుతాయి, పని రకం తగ్గుతుంది, చివరికి ఆ పనే వదిలి నైపుణ్యం అక్కర్లేని కూలికి వెళ్లవలసి వస్తుంది. చేతిపనిలో నలభై అయిదేళ్లంటే నేర్పు పండిన వయసు. సరిగ్గా అప్పుడే కన్ను చేతిని విడిచిపెడుతోంది.

ఇంటిపనికి కూలి లెక్క లేదు గాని కష్టం ఉంది. బియ్యంలో రాయి, చేపలో ముల్లు, పసివాడి వేలిలో గుచ్చుకున్న పేడు, మాత్రల అట్ట మీద గడువు తేదీ, ఇన్సులిన్ సిరంజి మీద సన్నని గీతలు, సెల్‌ఫోన్ తెర మీద ఓటీపీ, ఇవన్నీ మూరెడు దూరంలోనివే. మధుమేహం ఉన్న మనిషి సిరంజి గీత తప్పు చదివితే అది చూపు సమస్యగా ఆగదు. ఆడవారికి ఎక్కువ పవరు అద్దాలు కావలసి వస్తాయని చాలా అధ్యయనాలు చెప్పాయి. వాటన్నిటినీ కలిపి పరిశీలించినప్పుడు వారి కటకం మగవారి కన్నా ముందే గట్టిపడుతోందన్న ఆధారం దొరకలేదు. వారు పని పెట్టుకునే దూరం తక్కువ, చేతుల నిడివి తక్కువ. అవసరం ఎక్కువ ఉన్నది వారికే. ఇంట్లో డబ్బు ఖర్చు పెట్టేటప్పుడు చివరి వంతు వచ్చేదీ వారికే.

4. తూకానికి వచ్చిన సాక్ష్యం

పనిముట్టు అన్నాను. పనిముట్టయితే పని పెరగాలి. అది కొలిచి చూశారా అని మీరు అడగాలి. చూశారు. అస్సాం తేయాకు తోటల్లో నలభై ఏళ్లు, ఆపైబడిన 751 మంది కార్మికులతో జరిగిన ప్రయోగం ఫలితాలు 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చాయి. దూరం చూపు బాగానే ఉండి దగ్గరిచూపు తగ్గినవారిని ఎంచుకుని, చీటీ వేసినట్టు రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు వెంటనే అద్దాలు ఇచ్చారు, రెండో జట్టుకు ప్రయోగం ముగిశాక ఇచ్చారు. తేయాకు కోతలో కూలి తూకం మీదే గనుక ఎవరెంత కోశారో రోజూ నమోదయ్యే ఉంటుంది. అద్దాలు అందినవారి రోజు కోత సగటున 25 కిలోల నుంచి దాదాపు 35 కిలోలకు పెరిగింది. ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. అద్దాలు అందనివారి కోత కూడా 26 నుంచి 31 కిలోల దాకా పెరిగింది. కాలం మారితే ఆకు పెరుగుతుంది, తమను గమనిస్తున్నారంటే మనుషులు కాస్త ఎక్కువ కష్టపడతారు. ఆ పెరుగుదలను తీసేయగా అద్దాల వల్ల వచ్చిన లాభం 21.7 శాతం. యాభై దాటినవారిలో అది 30 శాతం మించింది. కళ్లజోడు ఒక్కొక్కటీ, అందజేసే ఖర్చుతో కలిపి, పది డాలర్లకు కాస్త పైన. తేయాకు కోతలో ఒక్క అక్షరం కూడా చదవనక్కర్లేదన్నది మర్చిపోకండి.

బంగ్లాదేశ్ గ్రామాల్లో జరిగిన మరో ప్రయోగం ఫలితాలు 2024లో ప్రచురితమయ్యాయి. అక్కడ కొలిచింది తూకం కాదు, ఆదాయం. 35 నుంచి 65 ఏళ్ల లోపు 824 మందిని అలాగే రెండు జట్లు చేశారు. ఎనిమిది నెలల తర్వాత అద్దాలు అందినవారి నెలసరి ఆదాయం రెండో జట్టు కన్నా 33 శాతం ఎక్కువగా తేలింది. కళ్లజోళ్ల కోసం ప్రచారం చేసే సంస్థల సహకారంతో జరిగిన పరిశోధనలను ఎంతవరకు నమ్మాలన్న సందేహం న్యాయమైనదే. అందుకే నేను ఫలితం కన్నా పద్ధతిని ముందు చెప్పాను. ఎవరు ఏ జట్టులో ఉండాలో పరిశోధకుల ఇష్టానికి వదలలేదు, పోల్చడానికి రెండో జట్టు ఉంది, తేయాకు విషయంలో కొలిచింది త్రాసు. అయినా మన నేత సంఘాల్లో, మన బీడీ ఖార్ఖానాల్లో ఇలాంటి కొలత జరగాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. ఇక్కడున్న యువ పరిశోధకులు దీన్ని అభ్యర్థనగా తీసుకోండి.

5. అభ్యంతరాలకు సమాధానం

అందరి నోటా వినిపించే మొదటి అభ్యంతరం, అద్దాలకు అలవాటు పడితే చూపు ఇంకా పడిపోతుందని, వ్యాయామంతో చత్వారాన్ని ఆపవచ్చని. అద్దాలు పెట్టుకున్న ఏడాదికే పవరు పెరగడం జనం చూస్తున్నారు, అందుకే అద్దాల మీద అనుమానం. కాని అద్దాలు పెట్టుకోనివారి కటకం కూడా అదే వేగంతో గట్టిపడుతోంది. అరవై దాటాక పవరు పెరగడం దాదాపు ఆగిపోతుంది. అద్దాలే కారణమైతే అక్కడ ఆగదు. పోవడానికి ఇంకేమీ మిగలనందువల్లే ఆగింది. వ్యాయామం కండరానికి బలం ఇస్తుంది, కటకానికి మెత్తదనం ఇవ్వదు. మొదటి మెట్టులో చెప్పిన మాటతో పని పడేది ఇక్కడే.

రెండోది ప్రతి ఇంటా ఉండే ఉదాహరణ. మా తాతగారు ఎనభై ఏళ్లకూ అద్దాలు లేకుండా పత్రిక చదివేవారు, ఆ కాలపు తిండి వేరు అంటారు. అలాంటివారు నిజంగానే ఉంటారు. వారిలో చాలామందికి ఒక కంటికో రెండు కళ్లకో కొద్దిగా హ్రస్వదృష్టి ఉంటుంది. రెండున్నర మైనస్ ఉన్న కన్నుకు అద్దం లేకుండానే మూరెడు దూరం స్పష్టం. వీధి చివర వచ్చే మనిషిని మాత్రం పోల్చుకోలేదు. ఇక డెబ్బై ఏళ్ల వయసులో హఠాత్తుగా అద్దాలు పక్కన పెట్టి చదవగలుగుతున్నారంటే సంతోషించడం కన్నా పరీక్ష చేయించడం మంచిది. కటకం మధ్యభాగంలో శుక్లం ముదురుతున్నప్పుడు కంటి పవరు మైనస్ వైపు జరిగి, కొంతకాలం దగ్గరిచూపు తిరిగి వచ్చినట్టు అనిపిస్తుంది. అది రాబోయే మసకకు ముందు సూచన.

మూడో అభ్యంతరం వైద్యులది, నేను అత్యంత గౌరవించేది కూడా అదే. బజారులో వందా రెండొందలకు దొరికే తయారు అద్దాలు ఇచ్చేస్తే జనం కంటి పరీక్షకు రారు, గ్లకోమా, మధుమేహం వల్ల రెటీనాకు జరిగే నష్టం కనిపెట్టేలోపే చూపు పోతుంది అంటారు. తయారు అద్దాలకు పరిమితులున్నాయి. రెండు కళ్లకూ ఒకే పవరు, వంపు తేడాను సరిచేసే సిలిండర్ పవరు ఉండదు, కళ్ల మధ్య దూరం ఒకటే కొలత. ఇవన్నీ ఒప్పుకుంటాను. అయితే నొప్పి లేని గ్లకోమా కోసం నలభై ఏళ్ల మనిషి తనంతట తాను ఆసుపత్రికి వస్తాడా? రాడు. సూదిలో దారం ఎక్కడం లేదన్న ఇబ్బంది అయితే ఆ మనిషిని కదిలిస్తుంది. గ్లకోమాకూ మధుమేహానికీ కళ్లు పరీక్షించడం మొదలుపెట్టవలసిన వయసు, చత్వారం మొదలయ్యే వయసు ఒకటే. కాబట్టి అద్దాలు ఇచ్చేచోటే ప్రమాద సూచనలు చూడాలి, రక్తపోటు చక్కెర అడగాలి, అనుమానం ఉంటే పై కేంద్రానికి పంపాలి. ఎల్వీ ప్రసాద్ సంస్థ గ్రామాల్లో నడిపే దృష్టి కేంద్రాల్లో స్థానిక యువతకు శిక్షణ ఇచ్చి విజన్ టెక్నీషియన్లుగా నిలబెట్టిన పద్ధతి మన కళ్ల ముందే ఉంది. అద్దాలు ఆపేసి పరీక్షకు రప్పించలేం, అద్దాలతోనే రప్పించగలం.

నాలుగోది, రేపో మాపో చుక్కల మందు వస్తుంది కదా, ఆపరేషన్లు ఉన్నాయి కదా అన్నది. పైలోకార్పిన్ చుక్కలకు 2021లో అమెరికాలో అనుమతి లభించింది. కంటిపాపను చిన్నది చేసి కొన్ని గంటలపాటు దగ్గరిచూపు మెరుగుపరచడం దాని పని. గుమ్మం దగ్గర ఎండలో మిషను కుట్టే మనిషి వాడుకున్న సూత్రమే అది. కటకాన్ని అది మెత్తబరచదు, చీకటి వేళ చూపు మసకబారవచ్చు. మన దేశంలోనూ 2024లో అలాంటి చుక్కలకు అనుమతి దొరికింది. కళ్లజోడే అక్కర్లేదన్నంత ప్రచారం సాగడంతో కొద్ది రోజులకే నియంత్రణ సంస్థ ఆ అనుమతిని నిలిపివేసింది. కొనగలిగినవారు వైద్యుడి సలహాతో ఏ మార్గమైనా ఎంచుకోవచ్చు. రోజూ కొనవలసిన మందు మీద కూలిజనం ఆశ పెట్టుకోమని చెప్పడం మాత్రం న్యాయం కాదు.

6. పనిముట్టయితే ఎవరి బాధ్యత

ఇప్పుడు వాదన చివరి మెట్టుకు వచ్చాం. వైద్యం అనుకుంటే రోగి ఆసుపత్రికి రావాలి. వయసు గుర్తు అనుకుంటే మనిషి సిగ్గుపడి దాచుకోవాలి. పనిముట్టు అనుకుంటే పని జరిగే చోటికి అది రావాలి, పని వల్ల లాభపడేవారికి అందులో బాధ్యత ఉండాలి. పొలంలో కూలికి కొడవలి సొంతమే ఉండవచ్చు, కాని మొద్దుబారిన కొడవలితో కోయమని ఏ రైతూ అనడు. కుట్టు పరిశ్రమలు, బీడీ ఖార్ఖానాలు, చేనేత సహకార సంఘాలు, నగల పనివారి దుకాణాలు తమ దగ్గర నలభై దాటిన ప్రతి మనిషికీ దగ్గరిచూపు పరీక్ష, అద్దాలు సమకూర్చడం తమ పనిలో భాగంగా చేసుకోవాలి. ఇది దానం కాదు. అస్సాం త్రాసు చూపిన లెక్క ప్రకారం పెట్టిన డబ్బు వారికే తిరిగొస్తుంది.

ఊళ్లలో సొంతంగా పని చేసుకునేవారికి యజమాని ఉండడు. అక్కడ బాధ్యత ప్రభుత్వానిది, సమాజానిది. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో ప్రారంభమైన కంటి వెలుగు మొదటి విడతలో కోటిన్నర మందికి పైగా కళ్లు పరీక్షించారు, దగ్గరిచూపు అద్దాలు శిబిరంలోనే చేతికిచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2019 అక్టోబరులో అదే పేరుతో పథకం మొదలైంది. ఊరి నడుమ కంటి పరీక్ష జరిపి, అక్కడికక్కడే అద్దాలివ్వడం ప్రభుత్వాలకు సాధ్యమేనని ఇవి నిరూపించాయి. అందుకు మనం వాటిని మెచ్చుకోవాలి. కాని శిబిరం ముగిసిన మర్నాడు కూడా జనం నలభైలోకి అడుగుపెడుతూనే ఉంటారు. ఇచ్చిన అద్దాలు గీతలు పడతాయి, విరుగుతాయి, రెండు మూడేళ్లలో పవరు మారుతుంది. ఉద్యమంలా వచ్చి వెళ్లే పథకం ఈ అవసరాన్ని తీర్చలేదు. చంటిపిల్లలకు టీకాల వరుస ఉన్నట్టే నలభై దాటినవారికి కంటి పరీక్ష ఒక నిత్యక్రమం కావాలి. బంగ్లాదేశ్‌లో గ్రామ ఆరోగ్య కార్యకర్తలే చిన్న కార్డు పట్టుకుని దగ్గరిచూపు చూసి అద్దాలు అందిస్తున్నారు. మన ఆశా కార్యకర్తలు, డ్వాక్రా సంఘాలు ఇంతకన్నా కష్టమైన పనులు చేసి చూపించాయి. వారికి శిక్షణ, పనికి తగిన ప్రతిఫలం ఇచ్చి ఈ పని అప్పగించవచ్చు.

మూడో సంగతి లెక్కకు సంబంధించింది. మన నివేదికలు ఎన్ని కళ్లజోళ్లు పంచామో రాస్తాయి. ఆర్నెల్ల తర్వాత ఎన్ని ముక్కు మీద ఉన్నాయో రాయవు. 2021లో ప్రపంచ ఆరోగ్య సభ 2030 నాటికి పెట్టుకున్న లక్ష్యంలో ఒక మంచి మాట ఉంది. అద్దాలు అందడం చాలదు, వాటితో చూపు నిజంగా సరిపడా రావాలి, అలాంటివారి వాటాను 40 శాతం పాయింట్లు పెంచాలి అన్నారు. ఆ కొలతను మన మండలాల స్థాయికి తేవాలి. అద్దాలు పెట్టెలో పడి ఉంటే కారణం అడగాలి. ఫ్రేము చెవుల దగ్గర నొక్కుతోందా, రూపం నచ్చలేదా, పవరు తప్పా, నలుగురూ ముసలిదంటారన్న బెరుకా? ఒక్కో కారణానికి మందు వేరు. రెండు మూడు రకాల ఫ్రేముల్లో నచ్చింది ఎంచుకోనివ్వడం ఆడంబరం కాదు. ఇష్టపడి ఎంచుకున్నదే మనిషి రోజూ పెట్టుకుంటాడు.

ఇక్కడున్న ఒక్కొక్కరూ చేయగలిగింది ఉంది. వైద్యులారా, ఆరు మీటర్ల పట్టికతో పరీక్ష ముగించకండి. దగ్గరి కార్డు చేతికివ్వండి, అంతకన్నా ముందు మీరేం పని చేస్తారని అడగండి. నగిషీ పనివాడి దూరం వేరు, నేతగాడి దూరం వేరు, కంప్యూటర్ ముందు కూర్చునేవారి దూరం వేరు. పవరు ఆ దూరాన్ని బట్టి రాయాలి. శుక్లం ఆపరేషన్ చేసి దూరం చూపుకు కటకం అమర్చిన ప్రతి రోగికీ దగ్గరికి అద్దాలు కావాలని చెప్పి, ఇచ్చే పంపండి. పత్రికల వారు వచ్చే శిబిరం వార్త రాసేటప్పుడు పంచిన సంఖ్య పక్కన వాడుతున్న సంఖ్య అడగండి. సంఘాల పెద్దలు, పరిశ్రమల యజమానులు మీ దగ్గర పనిచేసేవారిలో నలభై దాటినవారి జాబితా ఈ వారమే రాయించండి. పద్ధతి ఉంది, ఖర్చు స్వల్పం, లాభం తూచి చూపారు. ఇంకా ఆలస్యం చేస్తే దానికి తెలియకపోవడం కారణమని చెప్పుకోలేం.